బంగారు పతకం అక్కరలేని పిల్లలు

పరీక్షల మార్కులు ఇచ్చిన రోజు సాయంత్రం మన ఇళ్ళలో జరిగే సంగతి ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పిల్లవాడు పుస్తకాల సంచిలోంచి ప్రోగ్రెస్ కార్డు తీస్తాడు గాని, వెంటనే చేతికివ్వడు. తల్లి ముఖం, తండ్రి ముఖం మార్చి మార్చి చూస్తాడు. తండ్రి అప్పుడే మిరప చేలో నుండి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు. మొదటి ర్యాంకు వస్తే సైకిలు కొనిపెడతానని ఆయన మాట ఇచ్చాడు. రాకపోతే ఏమవుతుందో నోటితో చెప్పలేదు. మూలన నిలబెట్టిన బెత్తం ఆ మాట చెబుతూనే ఉంది. శావల్యాపురంలో అయినా, వినుకొండలో అయినా, నరసరావుపేటలో అయినా ఇది మనకు తెలియని సంగతి కాదు.

పిల్లల మీద ప్రేమ లేక మనం ఇలా చేయడం లేదు. మనం పడ్డ కష్టం వాళ్ళు పడకూడదనే చేస్తున్నాం. అయినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. సైకిలూ లేదు, బెత్తమూ లేదు అనుకోండి. అప్పుడు ఆ పిల్లవాడు తనంతట తాను పుస్తకం తెరుస్తాడా?

ఈ ప్రశ్నకు నూరేళ్ళకు పైబడిన క్రిందట రోము నగరంలో కూలివాళ్ళ పిల్లల మధ్య కూర్చుని జవాబు వెదికిన కతోలిక స్త్రీ ఒకరున్నారు. ఆమె పేరు మీకు కొత్త కాదు. మన పట్టణాల్లో ఎన్నో బడుల బోర్డుల మీద ఆ పేరు కనిపిస్తుంది. బోర్డు మీది పేరు చదివినంత తేలికగా ఆమె జీవితాన్ని మనం చదవలేదు. ఈ వారం డాక్టర్ మరియా మాంటిస్సోరి గారి జీవితం తెలుసుకుందాం.

బల్లలకు గుచ్చిన సీతాకోకచిలుకలు

మరియా 1870 ఆగస్టు 31న ఇటలీ దేశంలోని కియరావల్లె అనే చిన్న ఊళ్ళో జన్మించారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్దె బాగా చదువుకున్న ఇల్లాలు. వారికి మరియా ఒక్కతే సంతానం. ఆమె చిన్నతనంలోనే కుటుంబం రోముకు చేరింది.

ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్ల టీచరమ్మ కావడమే గొప్ప. మరియా మాత్రం లెక్కల మీద మక్కువతో పదమూడో ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆ తరువాత వైద్యం చదువుతానన్నారు. తండ్రికి ఇష్టం లేదు, తల్లి అండగా నిలిచింది. మగ విద్యార్థులతో కలసి శవపరీక్ష చేయడం మర్యాద కాదన్నారు గనుక, అందరూ వెళ్ళిపోయాక ఆమె ఒంటరిగా ఆ గదిలో నేర్చుకోవలసి వచ్చింది. 1896లో ఆమె డాక్టరు పట్టా అందుకున్నారు. ఇటలీలో వైద్యురాళ్ళయిన మొదటి కొద్దిమంది స్త్రీలలో ఆమె ఒకరు.

అప్పటి బడులు ఎలా ఉండేవో మన పెద్దలను అడిగినా చెబుతారు, ఎందుకంటే ఇక్కడా అక్కడా తేడా తక్కువే. మన వీధిబడిలో గుంజీలు, గోడకుర్చీ, తొడపాశం, కోదండం ఉండేవి. దసరాకు పప్పుబెల్లాలు ఉండేవి. అక్కడ నేలకు బిగించిన బల్లలు, పతకాలు, శిక్షలు. కదలకుండా కూర్చున్న ఆ పిల్లలను చూస్తే, సూదులతో అట్టకు గుచ్చిన సీతాకోకచిలుకలు మరియాకు గుర్తుకు వచ్చేవి. రెక్కలున్నాయి గాని ఎగరడానికి లేదు.

రొట్టె ముక్కల కోసం వెదికిన పిల్లలు

పట్టా పుచ్చుకున్నాక ఆమె రోములోని మానసిక వైద్యశాలలో పని చేశారు. బుద్ధిమాంద్యం గల పిల్లలను ఆ రోజుల్లో పిచ్చివాళ్ళతో కలిపి ఒకే చోట బంధించేవారు. ఒకచోట కాపలా ఉన్న ఆమె ఆ పిల్లల మీద చిరాకు పడింది. భోజనం అయ్యాక నేల మీద పడిన రొట్టె ముక్కల కోసం పాకుతూ వెదుకుతారని ఆమె ఫిర్యాదు. మరియా ఆ గదిని పరికించి చూశారు. నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. పిల్లల చేతులకు పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు. వాళ్ళు వెదికేది తిండి కోసం కాదు, చేతికి పని కోసం అని ఆమెకు తోచింది.

ఆమె ఫ్రాన్సు దేశపు వైద్యులు ఇటార్, సెగాఁ వ్రాసిన పుస్తకాలు చదివారు. చేతితో తాకి, పోల్చి, అమర్చి నేర్చుకునే వస్తువులు తయారు చేయించారు. 1900లో రోములో ఇలాంటి పిల్లల కోసం తెరచిన పాఠశాలకు ఆమె బాధ్యులయ్యారు. ఉదయం నుండి సాయంత్రం దాకా పిల్లలతో గడిపి, రాత్రి కూర్చుని చూసినదంతా వ్రాసుకునేవారు. ఆ పిల్లలలో కొందరు మామూలు పిల్లలు వ్రాసే ప్రభుత్వ పరీక్ష వ్రాసి ఉత్తీర్ణులయ్యారు. దేశమంతా ఆశ్చర్యపోయి చప్పట్లు కొట్టింది. మరియాకు మాత్రం వేరే దిగులు పట్టుకుంది. లోపం ఉన్న పిల్లలే ఇంత నేర్వగలిగితే, ఏ లోపమూ లేని పిల్లలు వారితో సమానంగా మాత్రమే ఎందుకుంటున్నారు? వారిని క్రిందకు లాగుతున్నదేమిటి?

ఇదే కాలంలో ఆమె జీవితంలో ఒక గాయం తగిలింది. తోటి వైద్యుడు మొంతెసానో వల్ల 1898లో ఆమెకు వివాహం లేకుండానే మారియో అనే కుమారుడు కలిగాడు. లోకనింద భయంతో బిడ్డను పల్లెలో పెంపకానికి ఇచ్చారు. ఎవరో చూడవచ్చిన అమ్మగారిలా అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు. లోకంలోని బిడ్డలందరి గురించి ఆలోచించిన ఆ తల్లికి సొంత బిడ్డను ఒడిలో పెట్టుకునే భాగ్యం చాలాకాలం లేకపోయింది. ఈ సంగతి దాచడం దేనికి? దేవుడు పునీతులనే కాదు, గాయపడినవారిని కూడా తన పనికి వాడుకుంటాడు.

పిల్లి, కుక్క, పావురం

ఇక్కడ కొంచెం ఆగి, చదువుల గురించి అప్పుడే బయలుదేరిన ఒక సిద్ధాంతం సంగతి చెప్పుకోవాలి. మీ ఊరి మాస్టారు బి.ఇడి. పుస్తకంలో ప్రవర్తనావాదం అని చదివినది ఇదే.

రష్యాలో పావ్‌లోవ్ అనే శాస్త్రజ్ఞుడు కుక్కకు ప్రతిసారీ తిండికి ముందు ఒకే శబ్దం వినిపిస్తే, కొన్నాళ్ళకు తిండి లేకపోయినా శబ్దానికే దానికి నోరూరుతుందని చూపించాడు. అమెరికాలో థార్న్‌డైక్ 1898లో పిల్లులను పెట్టెలో పెట్టి, బయట చేప ముక్క ఉంచాడు. తలుపు తీసే కిటుకు దొరికేదాకా పిల్లి గింజుకునేది. మళ్ళీ మళ్ళీ పెడితే త్వరగా బయటికి వచ్చేది. తృప్తినిచ్చిన పని నిలుస్తుంది, బాధనిచ్చిన పని మరుగుతుంది అని ఆయన సూత్రం చెప్పాడు. 1913లో వాట్సన్, మనసు లోపల ఏముందో మనకు అక్కరలేదు, పైకి కనిపించే ప్రవర్తననే కొలుద్దామన్నాడు. ఆ తరువాత స్కిన్నర్ పావురాలకు గింజలు వేస్తూ చిత్రమైన పనులెన్నో నేర్పాడు. 1953లో ఆయన తన కుమార్తె తరగతికి వెళ్ళి లెక్కల పాఠం చూసి, పిల్లవాడు చేసినది తప్పో ఒప్పో ఆ క్షణంలో చెప్పే దిక్కు లేదని బాధపడి, బోధనా యంత్రం తయారు చేశాడు.

ఈ సిద్ధాంతంలో మంచి లేకపోలేదు. పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, ఒప్పును వెంటనే ఒప్పని చెప్పడం, వెనుకబడిన పిల్లవాడికి చిన్న గెలుపు రుచి చూపించడం అన్నీ మేలు చేసేవే. ఇంకొక మాట కూడా న్యాయంగా చెప్పాలి. ఆ స్కిన్నర్ కూడా బెత్తాన్ని సమర్థించలేదు. శిక్ష తప్పును కాసేపు దాచిపెడుతుందే గాని మంచిని నేర్పదని ఆయన అభిప్రాయం.

కాని మన బడులు, మన ఇళ్ళు ఆ సిద్ధాంతంలో నుండి తేలికగా దొరికే ముక్కనే తీసుకున్నాయి. గింజ వేయి, పావురం పొడుస్తుంది. ర్యాంకు, నక్షత్రం గుర్తు, పతకం, బజారులో కట్టే ఫ్లెక్సీ మీద ఫొటో, ఇవన్నీ ఆ గింజలే. గింజ ఆగిన రోజున ఏమవుతుందో అడిగినవారు తక్కువ. మరియా మాంటిస్సోరి అడిగారు. అడిగినది ఏ పెట్టె ముందో కూర్చుని కాదు, పిల్లల మధ్య కూర్చుని.

ముగ్గురు రాజుల పండుగనాడు

రోములో సాన్ లొరెంజొ అనే పేటలో నిరుపేద కూలీలు ఉండేవారు. ఒక సంస్థ అక్కడి పాడుబడిన ఇళ్ళను బాగు చేయించింది. తల్లిదండ్రులు పనికి వెళ్ళాక పిల్లలు కొత్త గోడలను పాడు చేస్తున్నారని, వారిని ఒక గదిలో కూర్చోబెట్టి చూసుకోమని డాక్టరమ్మను కోరింది. అంటే అడిగినది చదువు చెప్పమని కాదు, గోడలు కాపాడమని. ఆమె సరేనన్నారు. 1907 జనవరి 6న, సాక్షాత్కార పండుగనాడు, మూడు నుండి ఆరేళ్ళ లోపు పిల్లలు దాదాపు యాభైమందితో బాలల ఇల్లు ప్రారంభమైంది. బెదిరిన చూపులు, ఏడ్పు ముఖాలు, ముతక బట్టలు. తూర్పు జ్ఞానులు ఒక ఇంటిలో రాజును కనుగొన్నారు. ఆ పేదవాడలో తానేమి కనుగొనబోతున్నారో ఆమెకు ఆ రోజు తెలియదు.

తాను తయారు చేయించిన వస్తువులు ఆ గదిలో పెట్టారు. వాటిలో ఒక చెక్క దిమ్మె ఉంది. దానికి రకరకాల కొలతల రంధ్రాలు, ఒక్కొక్కదానిలో సరిగ్గా ఇమిడే కొయ్య బిళ్ళలు. బిళ్ళ తప్పు రంధ్రంలో పెడితే చివరికి ఒకటి మిగిలిపోతుంది. తప్పును టీచరు చెప్పనక్కరలేదు, కొయ్యే చెబుతుంది. ఒక రోజు మూడేళ్ళ పాప ఆ బిళ్ళలను తీసి కలిపేసి మళ్ళీ అమరుస్తూ కూర్చుంది. అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టింది. మరియా లెక్కపెట్టడం ప్రారంభించారు. చుట్టూ పిల్లల చేత పాట పాడించారు, పాప తల ఎత్తలేదు. పాప కూర్చున్న కుర్చీని అలాగే ఎత్తి బల్ల మీద పెట్టారు. పాప దిమ్మెను ఒడిలో పెట్టుకుని పని సాగించింది. నలభైకి పైగా సార్లు చేసి, నిద్ర లేచినట్టు చుట్టూ చూసి, సంతోషంగా నవ్వింది. ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

పతకం కథ కూడా ఆ తొలి రోజులదే. తెలివిగల పిల్లవాడికి తెల్లని రిబ్బనుతో పెద్ద వెండి శిలువ పతకం తగిలించారు. అల్లరి చేసిన ఇంకొక పిల్లవాడిని శిక్షగా గది మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. పతకం గల పిల్లవాడు తన పనిలో అటూ ఇటూ తిరుగుతుంటే పతకం జారింది. కుర్చీలోని పిల్లవాడు దాన్ని తీసి, ఇది నీకు అక్కరలేదా అన్నట్టు చూపించాడు. మొదటివాడు నువ్వే పెట్టుకో అన్నట్టుగా తన పనికి వెళ్ళిపోయాడు. శిక్ష పడినవాడు పతకం పెట్టుకుని హాయిగా కూర్చున్నాడు. మరియా అది చూసి చాలాసేపు ఆలోచించారు. పతకం ఎవరికి కావలసి వచ్చింది? చేతిలో పని లేనివాడికి. పని దొరికినవాడికి అది అడ్డమే.

తరువాత సందర్శకులు తెచ్చిన మిఠాయిల సంగతీ అంతే. రకరకాల ఆకారాల బిస్కెట్లు ఇస్తే, పిల్లలు వాటిని నోట్లో వేసుకోకుండా ఇది వలయం, ఇది దీర్ఘచతురస్రం అని పేర్లు చెప్పుకుని మురిసిపోయారు. కొన్నాళ్ళకు మరియా తన బడిలో బహుమానాలను, శిక్షలను రెంటినీ తీసివేశారు. అల్లరి పెరగలేదు, పిల్లలు మరింత నెమ్మదస్తులయ్యారు. ఎవడైనా పక్కవాళ్ళ పనికి అడ్డం వస్తే, అందరూ కనబడే చోట వేరుగా కూర్చోబెట్టి, కోరిన వస్తువు ఇచ్చి, జబ్బు పడిన బిడ్డను చూసినట్టు చూసేవారు.

ఇక చదువు సంగతి. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలు వేలితో దిద్దేవారు. ఒక డిసెంబరు రోజున మేడ మీద ఆడుకుంటున్న అయిదేళ్ళ పిల్లవాడి చేతికి మరియా సుద్దముక్క ఇచ్చి పొగగొట్టం బొమ్మ వేయమన్నారు. బొమ్మ వేశాక వాడు నేల మీద చెయ్యి, పొగగొట్టం, కప్పు అనే మాటలు వ్రాసి, తనకు వ్రాయడం వచ్చేసిందని కేకలు పెట్టాడు. మిగిలినవాళ్ళూ మొదలుపెట్టారు. చదువురాని కూలీల ఇళ్ళలో నాలుగైదేళ్ళ పిల్లలు తలుపుల మీద, నేల మీద వ్రాయసాగారు. గోడలు కాపాడమని అప్పగించిన పిల్లలే అందరికంటె ముందు అక్షరాలు నేర్చారు.

పతకం ఎదురు తిరిగే వేళ

ఆమె 1909లో వ్రాసిన పుస్తకం అనేక భాషలలోకి వెళ్ళింది. 1915లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది కట్టి, పిల్లలు పని చేసుకోవడం లోకానికి చూపించారు. చిత్రమేమంటే, పతకాలు వద్దన్న ఆమె తరగతికే బంగారు పతకాలు వచ్చాయి.

కాని విమర్శ కూడా వచ్చింది. 1914లోనే కిల్‌పాట్రిక్ అనే అమెరికా ఆచార్యుడు ఆమె విధానం పాతబడిన మనస్తత్వ శాస్త్రం మీద నిలిచిందని ఒక పుస్తకం వ్రాశాడు. ఆ దేశంలో ఆమె పేరు చాలా ఏళ్ళు మరుగున పడింది. బడులు పరీక్షలు, కొలతలు, బహుమానాల దారి పట్టాయి.

ఆమె కన్నుమూసిన చాలాకాలానికి, 1973లో, అదే అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారి శిశు పాఠశాలలో లెప్పర్ అనే శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు ఒక పరీక్ష చేశారు. బొమ్మలు వేయడమంటే ఇష్టం ఉన్న పిల్లలను మూడు జట్లు చేశారు. బొమ్మ వేస్తే రిబ్బనుతో కూడిన యోగ్యతాపత్రం ఇస్తామని మొదటి జట్టుకు ముందే చెప్పారు. రెండో జట్టుకు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తరువాత, ఆడుకునే వేళలో ఎవరు ఎంతసేపు బొమ్మలు వేస్తున్నారో గమనించారు. బహుమానం ఆశ చూపించి వేయించిన పిల్లలు, మిగిలినవారు గడిపిన సమయంలో దాదాపు సగమే ఆ పని మీద గడిపారు. ఇష్టంగా చేసే పనికి కూలి కట్టేసరికి ఇష్టం తగ్గిపోయింది. సాన్ లొరెంజొ పిల్లవాడు జారవిడిచిన పతకం చెప్పిన మాటనే, శాస్త్రజ్ఞులు లెక్కలు వేసి మళ్ళీ చెప్పారు.

మరి ఇలా చదివితే మార్కులు తగ్గవా అని మీరు అడుగుతారు. 2006లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఒక పరిశీలన జరిగింది. అక్కడి ప్రభుత్వ మాంటిస్సోరి బడిలో సీటు కోసం దరఖాస్తు పెట్టినవారికి లాటరీ వేశారు. సీటు వచ్చిన పిల్లలను, రాక వేరే బడులకు వెళ్ళిన పిల్లలను పోల్చి చూస్తే, అయిదేళ్ళ వయసులో మాంటిస్సోరి పిల్లలే చదవడంలోను, లెక్కల్లోను, తోటివారితో మెలగడంలోను మెరుగ్గా ఉన్నారు. బహుమానం లేకపోతే చదువు వెనుకబడుతుందన్న భయానికి ఆధారం కనబడలేదు.

గోధుమలు నాటిన బాలలు

ఇప్పుడు ఆమె విశ్వాసం సంగతి. 1908లో మెస్సీనా భూకంపంలో అనాథలైన పిల్లలను రోములో ఫ్రాన్సిస్కన్ మిషనరీస్ ఆఫ్ మేరీ సభ కన్యస్త్రీలు చేరదీసినప్పుడు, మరియా పద్ధతిలో ఒక బడి వారి మఠంలో నడిచింది. ఆ సభ 1877లో మన దక్షిణ భారతంలో, ఊటీలోనే పుట్టిందని మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1918లో జగద్గురువులు 15వ బెనెడిక్టు వారు మరియాకు దర్శనమిచ్చి ఆశీర్వదించారు.

పునీత 10వ పయస్ వారు 1910లో ఏడేళ్ళ ప్రాయపు పిల్లలకు కూడా దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చునని ఆజ్ఞ ఇచ్చినప్పుడు, చిన్నపిల్లలకు దేవుడు అర్థమవుతాడా అని సందేహించిన పెద్దలున్నారు. మరియా సందేహించలేదు. స్పెయిన్‌లోని బార్సెలోనాలో పిల్లల ఎత్తుకు తగిన కుర్చీలు, బల్లలతో ప్రార్థనాలయం ఏర్పాటు చేయించారు. అక్కడి పిల్లలు పొలంలో గోధుమలు చల్లి, ద్రాక్షతీగలు పెంచారు. ఆ పంటే దివ్యబలిపూజలో అప్పము, ద్రాక్షారసము కావలసినది. సేద్యం చేసే మీకు వేరే చెప్పాలా? తాను నాటిన గింజ పీఠం మీదికి చేరుతుందని తెలిసిన బిడ్డకు, పూజకు రమ్మని మిఠాయి ఇవ్వవలసిన పని ఉంటుందా? ఆ బాట పట్టుకుని 1954లో రోములో సోఫియా కవల్లెత్తి, జాన్నా గొబ్బి అనే ఇద్దరు స్త్రీలు మంచి కాపరి పేరున పిల్లల సత్యోపదేశం ప్రారంభించారు. అది ఎన్నో దేశాలకు వ్యాపించింది.

మద్రాసులో తాటాకు పాకలు

ఇటలీలో ముస్సోలినీ ప్రభుత్వం మొదట ఆమె బడులను ఆదరించినా, చివరకు ఆమెకు దానికి పొసగలేదు. 1934లో అక్కడ ఆమె బడులు మూతపడ్డాయి. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధం ఆమెను బార్సెలోనా నుండి కూడా వెళ్ళగొట్టింది. హాలెండు దేశం ఆశ్రయమిచ్చింది.

1939లో మద్రాసు అడయారులోని దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం వచ్చింది. అరవై తొమ్మిదేళ్ళ వయసులో, కుమారుడు మారియోతో కలసి ఆమె మన దేశం చేరారు. అప్పటికి మన గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. అడయారు తోటలో తాటాకు పాకల క్రింద దాదాపు మూడు వందలమంది ఉపాధ్యాయులు కూర్చుని ఆమె పాఠాలు విన్నారు. ఆమె ఇటాలియన్ భాషలో చెప్పేవారు, మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిషు ప్రభుత్వం వారిద్దరిని శత్రుదేశ పౌరులుగా లెక్కగట్టింది. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించి, ఆమెను అడయారు దాటి వెళ్ళవద్దన్నారు. ఆ ఆగస్టు 31న ఆమెకు డెబ్బై ఏళ్ళు నిండాయి. ఆ రోజు వైస్రాయి నుండి తంతి వచ్చింది. పుట్టినరోజు కానుకగా ఆమె కుమారుణ్ణి విడుదల చేస్తున్నామని దాని సారాంశం. మేనల్లుడనో, పెంపుడు కొడుకనో లోకానికి చెప్పుకోవలసి వచ్చిన బిడ్డను కుమారుడని ప్రభుత్వమే పిలిచింది. జీవితమంతా బహుమానాలు వద్దన్న ఆ తల్లి ఈ ఒక్క బహుమానం కాదనలేదు. అడిగి సంపాదించినది కాదు గదా, ఉచితంగా వచ్చిన వరం!

యుద్ధకాలంలో ఆమె కొంతకాలం కొడైకెనాల్‌లో ఉండి పిల్లలతో పని చేశారు. మన దేశంలో ఆమె వద్ద వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయులు శిక్షణ పొందారు. 1955లో విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు ఆ పేరుతో పాఠశాల స్థాపించి, ఆడపిల్లల చదువుకు జీవితం ధారపోశారు. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో కన్నుమూశారు.

మరియా 1952 మే 6న హాలెండులోని నూర్డ్‌విక్‌లో ఎనభై ఒక్క ఏళ్ళ వయసులో మరణించారు. అక్కడి కతోలిక సమాధుల దొడ్డిలో ఆమెను ఖననం చేశారు. లోకశాంతి కోసం తనతో చేతులు కలపమని పిల్లలనే కోరుతున్న మాటలు ఆమె సమాధి మీద చెక్కి ఉన్నాయి.

మన ఇంటి సంగతి

ప్రియ పాఠకులారా, మాంటిస్సోరి పేరు ఎవరైనా బోర్డు మీద వ్రాసుకోవచ్చు. ఆ పేరు క్రిందనే ర్యాంకుల పట్టికలు వ్రేలాడవచ్చు. ఆమె పాఠం వస్తువుల్లో లేదు, డబ్బుల్లో అంతకన్నా లేదు. బిడ్డలో నేర్చుకోవాలన్న ఆకలిని దేవుడే పెట్టి పంపాడని నమ్మడంలో ఉంది. ఆకలి ఉన్న బిడ్డకు అన్నం తినడానికి పతకం ఇవ్వం గదా!

బెత్తం గురించి సామెతల గ్రంథంలో ఉన్నదని కొందరు తండ్రులు అంటారు. ఉన్న మాట నిజమే. కాని కాపరి చేతి కర్ర సంగతి మన పల్నాటి గొఱ్ఱెల కాపరులకు తెలుసు. అది దారి మళ్ళించడానికి, కుక్కను తోలడానికి, కొమ్మ వంచి ఆకు అందించడానికి. మందను చావబాదే కాపరి వెంట మంద నడవదు. పునీత పౌలుగారు కొలొస్సీయులకు వ్రాసిన లేఖలో, బిడ్డలు నిరుత్సాహపడేటట్లు వారిని విసిగించవద్దని తండ్రులనే హెచ్చరించారు. దేశ చట్టం కూడా 2009 నాటి విద్యాహక్కు చట్టంతో బడిలో పిల్లలను కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించింది.

ఇది చిన్న విషయం కాదు. ఏటా పరీక్షా ఫలితాలు వచ్చే రోజుల్లో మన రాష్ట్రాల పత్రికలలో కొన్ని వార్తలు చదివి మనం శిలువ గుర్తు వేసుకుంటాం. మార్కు తగ్గితే తనకు విలువ లేదని నమ్మిన పిల్లల వార్తలవి. ఆ నమ్మకం ఒక్క రోజులో పుట్టదు. సైకిలు, బెత్తం, ఫ్లెక్సీ కలసి పదేళ్ళపాటు నేర్పిన పాఠం అది.

మన విశ్వాసంలో ఈ సంగతి మనకు కొత్తదా? ఉత్తమ మనస్తాప జపం మనందరికీ కంఠస్థమే. నరకానికి భయపడి పాపం విడిచినవాడికన్నా, ఇంత మంచి దేవుణ్ణి నొప్పించానే అని ప్రేమతో దుఃఖపడినవాడు ఉత్తముడని చిన్ననాడే నేర్చుకున్నాం. తప్పిపోయిన కుమారుని ఉపమానంలో పెద్దకొడుకును చూడండి. ఏళ్ళ తరబడి తండ్రి పొలంలో పని చేశాడు గాని, తనకు మేకపిల్ల ఇవ్వలేదని లెక్క పెట్టుకుంటూ చేశాడు. అంతా తనదేనని, తండ్రి తనతోనే ఉన్నాడని వాడికి తెలియలేదు. కూలి కోసం చేసిన కొడుకు ఇంట్లో ఉండి కూడా పాలేరుగానే మిగిలాడు.

ఆదివారం సత్యోపదేశంలో జపాలు అప్పజెప్పిన పిల్లలకు మనం స్వరూపాలు, జపమాలలు ఇస్తుంటాం. ఇవ్వవద్దని కాదు. పని చేశాక, ఆశ చూపకుండా, ప్రేమగా ఇచ్చిన కానుక బిడ్డను పాడు చేయదు. ఇది చేస్తే అది ఇస్తానన్న బేరమే జాగ్రత్తగా చూసుకోవలసినది. కష్టమైన పని మొదలు పెట్టించడానికి చిన్న ప్రోత్సాహం ఊతకర్ర లాంటిది. కాలు నిలదొక్కుకున్నాక కర్ర తీసేయాలి.

ఈసారి కార్డు వచ్చిన సాయంత్రం ఒక పని చేసి చూడండి. సంతకం పెట్టే ముందు, ర్యాంకు గడి చూసే ముందు, ఈ మూడు నెలల్లో నీకు బాగా నచ్చిన పాఠం ఏదని బిడ్డను అడగండి. అర్థం కానిది ఏదో కూడా అడగండి. వాడు చెబుతుంటే పక్కన కూర్చుని వినండి. మీకు చదువు రాకపోయినా ఫరవాలేదు, సాన్ లొరెంజొ తల్లిదండ్రులకూ రాదు. పప్పు కొలవడం, విత్తనాలు వేరు చేయడం, గొడ్డుకు మేత వేయడం మూడేళ్ళ బిడ్డ చేస్తానంటే, తొందరలో చేతిలోంచి లాక్కోకండి. నెమ్మదిగా చేయనివ్వండి. తప్పు చేస్తే, తప్పు వాడికే కనబడేదాకా కాస్త ఓపిక పట్టండి.

సైకిలు కొనదలచుకుంటే కొనండి. బడి దూరమని కొనండి, బిడ్డ మీద ప్రేమతో కొనండి. మార్కులకు వెల కట్టి మాత్రం కొనకండి. కార్డులో ఏమున్నా ఆ రాత్రి బిడ్డ మీ పక్కన కూర్చుని అన్నం తిని, మీతో కలసి కుటుంబ జపమాల చెప్పి, భయం లేకుండా నిద్రపోవాలి. రేపు ఎవరూ చూడకపోయినా వాడు పుస్తకం తెరిచేది ఆ ధైర్యంతోనే.